కుడివైపు సీటు

సౌత్ బెండ్, ఇండియానా
2021 సెప్టెంబరు 18, శనివారం

క్లెమ్‌కి,

నీ ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి? ఆ ఎడారి గాలి మంచిదని డాక్టరు పంపాడు సరే, ఇరవై రోజులుగా ఒక్క ముక్కైనా రాయకపోతే ఎలా? ఫోన్ చేస్తే నాకు వినపడదు. నువ్వేమో కంప్యూటరు ఇంట్లోకి రానివ్వవు. ఇక మనిద్దరం మన అమ్మల కాలంలోలాగా తపాలా బిళ్ళలు నాకుతూ బతకాల్సిందే.

ఇల్లు అమ్ముడుపోయింది. పిల్లలు లేని ఇంటికి మూడు పడకగదులు ఎందుకని మీ అన్నయ్య ఉన్నప్పుడే అంటుండేదాన్ని. ఇప్పుడు ఆయనా లేడు. నవంబరు చివరికల్లా చర్చి వెనకాల రెండు గదుల వాటాలోకి మారతాను. అక్కడ కారు పెట్టుకోవడానికి చోటు లేదు.

కాబట్టి బండి అమ్ముతున్నాను. ఆశ్చర్యపోకు. రోమన్ పోయి ఏడు నెలలైంది, దాని మీద గుడ్డ తీసినవాళ్ళు లేరు. ఇప్పుడు పాత కార్లన్నీ ఇంటర్నెట్‌లోనే వేలం వేస్తున్నారట. ఏడు రోజులు నడుస్తుంది. దేశంలో ఎవరైనా పాట పాడవచ్చు. కింద ప్రశ్నలు అడుగుతారు, అమ్మేవాళ్ళు జవాబులు రాయాలి. ఫోటోలు నేనే తీశాను, నూట నలభై. అందులో ముప్ఫై నా బొటనవేలివి.

అయితే ముందు నిన్ను అడగడం ధర్మం. పన్నెండు శీతాకాలాలు ఆయనతో సమానంగా ఆ షెడ్డులో చేతులు గడ్డకట్టేలా పని చేశావు. నీకు కావాలంటే మొదటి హక్కు నీదే. తేల్చి చెప్పు. నేనైతే అది తయారయ్యాక ఒక్కసారే ఎక్కాను, ఎందుకని అడగకు.

బంగాళదుంప కూరిన కుడుములు, పీరోగీలు చేసి నీ వాటా కూడా నేనే తిన్నాను.

అడెల్

*

టూసాన్, అరిజోనా
సెప్టెంబరు 26, ఆదివారం

వదినకి,

ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, మిగతా శరీరమే వాటికి సహకరించడం లేదు. మా వాకిట్లో ఒక బల్లి చేరింది. నేను బయటికొస్తే లేచి నాకు చోటిస్తుంది. ఈ ఊళ్ళో నాకు అంత మర్యాద ఇచ్చేది అదొక్కటే.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బండి నాకొద్దు వదినా. ఈ వయసులో ఎక్కడికి పోతాను? కానీ అమ్మొద్దు. ఎక్కడైనా అద్దె షెడ్డు తీసుకుని అందులో పెట్టు, అద్దె నేను పంపుతాను. అమ్మాల్సిందేనంటే ఊళ్ళోనే ఎవరికైనా ఇచ్చెయ్యి. మిషవాకాలో హోర్వాత్ ఉన్నాడు కదా, అతను ఎక్కువ ప్రశ్నలు వెయ్యడు. ఊరూ పేరూ తెలియని వాళ్ళంతా వచ్చి మన బండిని తిరగేసి చూడటం నాకు నచ్చలేదు.

ఇంకేం లేదు. ఎండ నూటొకటి డిగ్రీలు. పీరోగీల మాట ఎత్తకు, ఇక్కడ దొరికేవాటికి ఆ పేరు పెట్టినవాడిని జైల్లో వెయ్యాలి.

నీ మరిది
క్లెమ్

*

సౌత్ బెండ్
అక్టోబరు 4, సోమవారం

క్లెమ్‌కి,

నీకొద్దు, నన్ను అమ్మనివ్వవు, ప్రశ్నలు అడగనివాడికి ఇమ్మంటావు. గడ్డివాము దగ్గర కుక్క కథ నీకు తెలియనిది కాదు, అది తినదు, ఆవును తిననివ్వదు.

హోర్వాత్ వచ్చి చూశాడు. "ఆరు వేలు ఇస్తాను, ఎక్కువ అడగకు అడెలూ, మనం మనం ఒకటి" అన్నాడు. మనం మనం ఒకటైనప్పుడే తక్కువ ఎందుకు ఇస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కాఫీ ఇచ్చి పంపించాను.

వేలం పద్దెనిమిదో తారీఖున మొదలై ఇరవై అయిదున ముగుస్తుంది. కనీస ధర పెట్టలేదు. అలా పెట్టకపోతేనే జనం నమ్మి పాడతారని ఆ కంపెనీ అమ్మాయి చెప్పింది. బండి గురించి నాలుగు మాటలు కూడా నేనే రాశాను. నీకు చూపించాలని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"1953 స్టూడెబేకర్ కూపే. మా మామగారు ఆ ఫ్యాక్టరీలోనే సీట్లు కుట్టేవారు. తను పనిచేసిన చోటి నుంచే ఈ బండి కొనుక్కున్నారు. అప్పటి నుంచి ఒకటే కుటుంబం. 1967లో నా భర్త నన్ను మిషిగన్ సరస్సు ఒడ్డుకు తీసుకెళ్ళి పెళ్ళి మాట అడిగింది ఈ బండిలోనే, డ్రైవరు పక్కన నేను కూర్చున్నది ఈ కుడివైపు సీటులోనే. ఆ తర్వాత చాలా ఏళ్ళు మూలపడి ఉంటే ఆయనా ఆయన తమ్ముడూ కలిసి పన్నెండేళ్ళు శ్రమపడి బాగుచేశారు. ఏమీ మారలేదు, ఇది అదే బండి."

ఎలా ఉంది? కంపెనీ అమ్మాయికి కళ్ళ నీళ్ళు వచ్చాయట. నీ పేరు కూడా వెయ్యనా?

అడెల్

*

టూసాన్
అక్టోబరు 10, ఆదివారం

వదినా,

నా పేరు వెయ్యొద్దు. ఆ చివరి వాక్యం కూడా తీసెయ్యి. "బాగుచేసిన బండి" అని రాస్తే చాలదా? సరస్సు, పెళ్ళి మాట, ఇవన్నీ కొనేవాడికి ఎందుకు? వాడికి ఇంజను మోగుతోందా లేదా అన్నదే ముఖ్యం. కథలు చెబితే ఆధారాలు అడుగుతారు.

ఇంకో మాట. నేనే కొంటాను. నా దగ్గర పన్నెండు వేల డాలర్లు ఉన్నాయి, అంతకంటే లేవు. చెక్కు రాసి ఇందులోనే పెడుతున్నాను. వేలం ఆపించు. బండి హోర్వాత్ షెడ్డులో పడేసినా సరే, నేను వచ్చి తెచ్చుకుంటాను.

రెండు వారాల కింద వద్దన్నవాడివి ఇప్పుడెందుకు కొంటానంటున్నావని అడుగుతావు. ముసలివాడి చాపల్యం అనుకో.

క్లెమ్

*

సౌత్ బెండ్
అక్టోబరు 20, బుధవారం

క్లెమెంట్‌కి,

నీ చెక్కు తిప్పి పంపుతున్నాను.

నిజం చెప్పాలంటే నాకు చాలా బాధ కలిగింది. ముందే "నాకు కావాలి వదినా" అని ఉంటే పైసా లేకుండా తాళాలు నీ చేతిలో పెట్టేదాన్ని. అది వద్దని, అమ్మొద్దని, హోర్వాత్‌కిమ్మని, తీరా వేలం దగ్గరపడ్డాక సగం ధరకి చెక్కు పంపుతావా? అన్నయ్య పోయాక వదినకి లోకం తెలియదనుకున్నావు. నిన్న మధ్యాహ్నానికి పాట ముప్ఫై ఒక్క వేలు దాటింది నాయనా.

నూట తొంభై మంది కింద ఏవేవో రాశారు. సీట్ల గుడ్డ అచ్చం అప్పటిలాగే ఉందని ఒకాయన మెచ్చుకున్నాడు. కంకాకీలో ఒకావిడ తన పెళ్ళి కథ రాసింది. ఒక్కడు మాత్రం వదలడం లేదు. ఓక్లహోమా నుంచి, రిటైరయిన బళ్ళ మెకానిక్కు. ఇంజను వెనక గోడ మీద నంబరు కొట్టి ఉండే చిన్న పలక ఫోటో పెట్టమన్నాడు. పెట్టాను, నాకేం భయం? దానికి వాడు ఏం రాశాడో చూడు: "తలుపు స్తంభం మీది పలక మార్చిలో కట్టిన బండిది. ఈ పలక ఆగస్టులో కట్టిన బండిది. ఒక మనిషికి రెండు పుట్టినరోజులుంటాయా అమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. అందరూ చూస్తుండగా జవాబు రాశాను: "నా భర్త యాభై రెండేళ్ళ కాపురంలో నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. మీ లెక్కే తప్పు. అడెల్ గుర్స్కి." ముద్దు పేర్లు పెట్టుకుని దాక్కునేవాళ్ళ మధ్య నా పేరు పూర్తిగా రాశాను. నలభై ఏడు మంది భేష్ అన్నారు.

నువ్వు ఈ ఉత్తరానికి జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

అడెల్

*

టూసాన్
అక్టోబరు 21, గురువారం
(మర్నాటికి చేరే తపాలాలో)

వదినా,

నీ జవాబు ఇంకా రాలేదు. లైబ్రరీలో గంటసేపు కంప్యూటరు ఇస్తారు. అక్కడ కూర్చుని నువ్వు రాసిందంతా చదివాను. ఆ ఓక్లహోమా మనిషికి నువ్విచ్చిన జవాబూ చదివాను. గంట అయిపోయిందని లైబ్రరీ పిల్ల వచ్చి చెబితే ఇంకో గంట అడిగి మళ్ళీ చదివాను.

అతని లెక్క తప్పు కాదు.

మొదటి నుంచి చెబుతాను. 1984లో రోమన్ బండిని వాకర్టన్‌లో నా కొట్టంలో పెట్టాడు. మూడేళ్ళకి వడగళ్ళ వాన పడి కప్పు మీద రేకు ఒకటి లేచిపోయింది, సరిగ్గా బండి కుడివైపుకి. అన్నయ్యకి చెప్పాను. మర్నాడే మంచి టార్పాలిన్ కొని పంపాడు, రేకు వేయించడానికి డబ్బు కూడా పంపాడు. "ముందు బండికి ఇది కప్పు ఒరే, తర్వాత రేకు వేయించు" అన్నాడు. ఆ టార్పాలిన్ నేను నా చేపల పడవ మీద కప్పాను. వేసవి అయ్యాక తీసి బండికి కప్పుదాంలే అనుకున్నాను. డబ్బు ఎటు పోయిందో అది పోయింది. ఎప్పుడు అడిగినా "బ్రహ్మాండంగా ఉంది అన్నయ్యా" అనేవాణ్ణి. పదకొండేళ్ళు వదినా. పదకొండు శీతాకాలాల మంచు ఆ కన్నంలోంచి కురిసింది.

98లో అన్నయ్య వచ్చి గుడ్డ తీద్దామంటే గుడ్డే లేదు. కుడివైపు తలుపు పట్టుకుంటే చేతిలోకి వచ్చింది. బండికి అడుగు రేకే లేదు. సీటులో ఏవో జంతువులు పిల్లల్ని పెట్టి పోయాయి. నా చెంప పగలగొడతాడనుకున్నాను. అన్నయ్య నీళ్ళ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. తర్వాత "అడెల్‌కి చెప్పకు. నిన్ను జన్మలో గుమ్మం తొక్కనివ్వదు" అన్నాడు.

నెబ్రాస్కాలో ఒక తుక్కు దుకాణంలో అదే రకం బండి దొరికింది. లోపలేమీ లేకపోయినా ఒళ్ళు గట్టిది. దాన్ని తెచ్చి మన చట్రం మీద, మన ఇంజను మీద కూర్చోబెట్టాం. మన తలుపు స్తంభం మీది పలక తీసి దానికి వేశాం. ఇంజను వెనక గోడ మీది పలక సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. స్టీరింగు మనదే, దాని వెనక మీటర్లు మనవే. డ్రైవరు కూర్చునే వైపు కొంతైనా మిగిలింది. నువ్వు కూర్చున్న వైపు మాత్రం మేకు కూడా పాతది కాదు. నీ సీటు నమూనాకి నాన్న తన చేత్తో గీసుకున్న కాగితం ఒకటి పట్టుకుని మూడు చలికాలాలు కుట్టాడు అన్నయ్య. వేళ్ళనిండా పోట్లు. అన్నేళ్ళు పట్టింది అందుకే. నువ్వు శనివారాలన్నీ ఆ తుక్కుకి ధారపోస్తున్నావని ఆయన్ని తిట్టేదానివి. నేను పక్కనే ఉండి విన్నాను. ఆయన ఒక్కసారి నా వైపు వేలు చూపించి ఉంటే సరిపోయేది. చూపించలేదు. నేనూ నోరెత్తలేదు.

నువ్వు "ఒక్కసారే ఎక్కాను, ఎందుకని అడగకు" అని రాసినప్పుడు నీకు తెలిసిపోయిందనుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆ రోజు నుంచీ పిచ్చి రాతలు రాస్తున్నాను. పన్నెండు వేలు నీ బండిని కొట్టేయడానికని నువ్వు అనుకుని ఉంటావు, కాదు. నీకు తెలియకుండా దాచడానికి.

ఇప్పుడు నీ పేరు అందరి ముందూ పెట్టావు. అది నా వల్ల పోకూడదు. తప్పు క్లెమెంట్ గుర్స్కిది అని అక్కడ రాసెయ్యి. క్షమించగలవా అని అడిగే మొహం కాదు నాది, అయినా అడుగుతున్నాను.

క్లెమ్

*

సౌత్ బెండ్
నవంబరు 3, బుధవారం

క్లెమ్‌కి,

నీ ఉత్తరం మర్నాడే, శుక్రవారం పొద్దున అందింది. ముందు బండి సంగతి చెబుతాను, అది తేలిక.

అదే రోజు కంపెనీ వాళ్ళకి రాశాను. పాట ఆపి, వివరం మార్చి, అప్పటిదాకా పాడినవాళ్ళకి వెనక్కి తగ్గే అవకాశం ఇచ్చి మళ్ళీ తెరిచారు. ఓక్లహోమా ఆయనకి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. "మీరన్నది నిజం. ఒళ్ళు వేరే బండిది. మా ఇంట్లో తెలియనిది నాకొక్కదానికే" అని రాశాను. నీ పేరు రాయలేదు. నిన్ను కాపాడటానికి కాదు, రోమన్ రాయలేదు కాబట్టి. ఆయన మర్యాదగా జవాబిచ్చాడు: "అమ్మా, నేను పలకల గురించే మాట్లాడాను. పని చేసిన చేతుల గురించి కాదు. ఆ కుట్టు చూస్తే తెలుస్తోంది."

ముప్ఫై నాలుగు వేల దాకా వెళ్ళినది పందొమ్మిది వేలకి ముగిసింది. టొలీడోలో బస్సు నడిపే ఆయన కొన్నాడు. భార్యను తీసుకుని వచ్చాడు. ఆవిడ చెప్పులు విడిచి మరీ కుడివైపు ఎక్కి కూర్చుంది. "హాయిగా ఉందండీ" అంది. తీసుకెళ్ళిపోయారు.

ఇక రెండో సంగతి.

2010 జూన్‌లో బండి మొదటిసారి బయటికి తీసినప్పుడు రోమన్ నన్ను ఎక్కించుకుని సరస్సుకి తీసుకెళ్ళాడు. అదే రోడ్డు, ఆ ఇసుక దిబ్బల దగ్గర అదే మలుపు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. దారంతా నా ముఖం చూస్తున్నాడు. నాకేమీ అనిపించలేదు క్లెమ్. ఏమీ. ఇరవై ఏళ్ళ పిల్లగా నేను కూర్చున్న చోటే కూర్చున్నాను కదా, గుండె కొట్టుకోవాలి కదా, ఏదైనా కదలాలి కదా అని నన్ను నేను గిల్లుకున్నంత పని చేశాను. "ఇది ఆ బండిలా లేదు రోమన్" అన్నాను. "బండి అదే అడెల్, మనమే ముసలివాళ్ళమయ్యాం" అన్నాడు.

నేను నమ్మాను. యాభై రెండేళ్ళలో అబద్ధం చెప్పని మనిషి అని నమ్మాను. బండి అదే అయితే మారింది నేనే. నాలో ఉండాల్సింది ఇంకిపోయింది, మొగుడి మీద ప్రేమ పోయింది, ఇక మిగిలింది వంటా, కాపలా అనుకున్నాను. ఆ ఆకురాలు కాలంలోనే పక్కగదిలోకి మారాను. గురక అని సాకు చెప్పాను. ఆయన గురక పెట్టడని నీకూ తెలుసు. ప్రతి వసంతంలోనూ తాళాలు చేత్తో పట్టుకుని వచ్చి "ఒకసారి అలా వెళ్ళొద్దామా?" అనేవాడు. నడుము నొప్పి అనేదాన్ని. ఒక్కడే వెళ్ళి వీధి చుట్టూ తిరిగి వచ్చేవాడు. పది వసంతాలు. ఆస్పత్రిలో ఆఖరి వారం కూడా మంచి నర్సులా చూసుకున్నాను, అంతే. భార్యలా చూసుకోలేదు. నాకు ఆ అర్హత లేదనుకున్నాను.

మీ అన్నయ్య నన్ను బాధపెట్టకూడదని ఆ మాట అన్నాడు. నిన్ను కాపాడాలని అన్నాడు. ఇద్దరినీ ఒక్క మాటతో నిలబెట్టాననుకుని ఉంటాడు పాపం. ఆయన మీద కోపం రావడం లేదు. నీ మీద వస్తోంది. క్షమించావా అని అడిగావు, ఇంకా లేదు. టార్పాలిన్‌కి ఎప్పుడో క్షమించేదాన్ని, నాలుగు రోజులు గిన్నెలు ఎత్తి పడేసి ఊరుకునేదాన్ని. ఆయన పోయాక ఎనిమిది నెలలు నోరు మూసుకున్నందుకు మాత్రం కొంచెం టైము పడుతుంది. ఉత్తరాలు మానకు. జవాబులు రాస్తాను.

నిన్న చనిపోయినవాళ్ళ రోజు కదా, సమాధుల దగ్గరికి వెళ్ళాను. ఊరంతా అక్కడే ఉంది. దీపం వెలిగించి పెట్టాను. చెప్పాలని చాలా మాటలు కూడబెట్టుకుని వెళ్ళాను గాని అక్కడికి వెళ్ళాక ఒక్కటే వచ్చింది. "నాకు నీ మీద ప్రేమ పోలేదు రోమన్, పోయిందనుకున్నాను" అన్నాను. గొణిగాననే అనుకున్నాను. నాకు చెవుడు కదా, ఎంత గట్టిగా అన్నానో తెలియలేదు. చుట్టుపక్కల నాలుగు వరసల వాళ్ళు దీపాలు పట్టుకుని తిరిగి చూశారు. వినాల్సిన మనిషికి తప్ప అందరికీ వినపడింది.

అడెల్